బుల్లెబ్బాయి గారి పదో తరగతి

మా పక్కింటి శ్రావణికి ఈమధ్యే టీచరు ఉద్యోగం వచ్చింది. నిడదవోలు దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెప్పాలి. చేరడానికి ముందురోజు స్వీట్లు పట్టుకుని మా ఇంటికొచ్చింది. కుర్చీ అంచున కూర్చుని, కాసేపు చున్నీ కొస మెలిపెట్టి, అడిగింది.

"మాస్టారండీ, బడికి రౌడీలొస్తే ఏం చెయ్యాలండి?"

ముప్పై మూడేళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన మనిషిని నేను. ఛందస్సు పిల్లలకి ఎలా ఎక్కించాలనో, నలభై నిమిషాల్లో పద్యం ఎలా పూర్తి చెయ్యాలనో అడుగుతుందనుకున్నాను.

"ఎవరమ్మా నీకీ అనుమానం పెట్టింది?"

"మొన్న సినిమా చూశానండి."

తమిళం నుంచి తెలుగులోకి తెచ్చిన సినిమా అట. నన్ను కూర్చోబెట్టి తన ఫోన్లోనే చూపించింది. పెదాలు ఒక భాషలో కదులుతుంటే మాటలు ఇంకో భాషలో వినపడ్డాయి. కథ చిన్నది. ఒక మాస్టారికి ఏదో మనోవ్యథ. గెడ్డం పెంచుకుంటాడు, సీసా వదలడు. ఆ ఊళ్ళో ఒక రౌడీ కాలేజీని గుప్పిట్లో పెట్టుకుని ఉంటాడు. మాస్టారికి కోపం వస్తుంది. వరండాలో పదిహేడు మందిని కొడతాడు. ఒక్కొక్కణ్ణీ లెక్కపెట్టాను గనక చెబుతున్నాను.

రెండున్నర గంటలు ఓపిగ్గా చూశాను. ఆ మాస్టారు సుద్దముక్క ముట్టుకున్నది ఒక్కసారే, అదీ ఒకడి కంటికి గురిచూసి విసరడానికి. హాజరు తియ్యలేదు. ఒక్క నోటుబుక్కు దిద్దలేదు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు చిన్నదొచ్చిందని ఏ తల్లీ ఆయన మీదికి రాలేదు. పదిహేడు మందిని పడగొట్టాక కూడా చొక్కా ఇస్త్రీ నలగలేదు. నాకు రెండో పీరియడయ్యేసరికే భుజాల మీద సుద్దపొడి, చంకల్లో చెమట.

శ్రావణి నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె వెళ్ళాక మాత్రం నవ్వు నిలవలేదు. ఎందుకంటే మనోవ్యథ ఉన్న మాస్టారిగా నేనూ రెండేళ్ళు బతికాను. మా బడికీ ఒక రౌడీ వచ్చాడు. ఆ సంగతి శ్రావణికీ, ఆమెతో పాటు కొత్తగా చేరుతున్నవాళ్ళకీ ఉన్నదున్నట్టు రాసిపెడుతున్నాను. ప్రమోషన్లూ, ఇంక్రిమెంట్లూ ఇందులో ఉండవు. అవి మీకెలాగూ ఆఫీసులో ఎవరో ఒకరు చెబుతారు, ఆలస్యంగా.

మా వైపు రౌడీ

నేను ఎక్కువకాలం పనిచేసింది భీమవరానికి పక్కనే ఉన్న ఒక ఊరి హైస్కూల్లో. ఆ ఊరికీ, చుట్టుపక్కల చెరువులకీ పెద్దమనిషి బుల్లెబ్బాయి గారు. ఐసు ఫ్యాక్టరీ ఉంది. రొయ్యల చెరువుల తగాదాలు తీరుస్తాడు. తగాదా లేని చోట ముందు తగాదా పెట్టి, తర్వాత తీరుస్తాడు.

సినిమాలో రౌడీ అరుస్తాడు. మా వైపు అలా కుదరదు. ఇక్కడ రౌడీని గారు అనకుండా పిలిచినవాణ్ణి నేను చూడలేదు. ఆయన కూడా అండీ పెట్టకుండా ఎవర్నీ బెదిరించడు. ఒకసారి మా బడి గోడ పక్క స్థలంలో ఆయన లారీలు పెడుతుంటే మా డ్రిల్లు మాస్టారు వెళ్ళి, పిల్లలు ఆడుకునే చోటండీ అన్నాడు. బుల్లెబ్బాయి గారు ఆయనకి కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, "పిల్లలు జాగర్తండి మాస్టారూ, లారీలకి వెనక కళ్ళుండవు కదండి," అన్నాడు. మా డ్రిల్లు మాస్టారు మజ్జిగ తాగి వచ్చేశాడు. ఆ రోజు నుంచీ డ్రిల్లు పీరియడ్లో పిల్లలు క్యారమ్స్ ఆడారు.

నేను పాడైపోయిన రెండేళ్ళు

నా మనోవ్యథ సంగతి చెప్పాలి. ఇది చెప్పకుండా తర్వాతది చెబితే నన్ను నేను సినిమా హీరోని చేసుకున్నట్టవుతుంది.

ఒక ఏడాది పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో నేను ఇన్విజిలేటర్ని. పరీక్ష మధ్యలో స్క్వాడ్ వచ్చింది. నూకరత్నం అనే అమ్మాయి బెంచీ కింద చీటీ దొరికింది. నూకరత్నం మా బడి పిల్లే. తండ్రి చేపల వేటకి వెళతాడు, తల్లి గంపలో చేపలమ్ముతుంది. క్లాసులో వెనక బెంచీలో కూర్చుని పద్యాలన్నీ అందరికన్నా ముందు అప్పజెప్పేసేది.

"ఎవరిదండీ ఇది?" అని స్క్వాడ్ ఆఫీసరు నన్నడిగాడు.

చీటీ చేతిలోకి తీసుకున్నాను. ఆ చేతిరాత నాకు తెలుసు. ఏడాది పొడుగునా దిద్దిన చేతిరాత. ఆ అమ్మాయి వెనక బెంచీలో కూర్చున్న కుర్రాడిది. వాడు బుల్లెబ్బాయి గారి మేనల్లుడు. స్క్వాడ్‌ని చూసి కాలితో ముందుకి తోసేశాడు.

"ఈ అమ్మాయి బెంచీ కింద దొరికిందండి," అన్నాను.

అది అబద్ధం కాదు. ఆ పిల్ల జీవితం మీద నేను పెట్టిన సంతకం అది. మాల్ ప్రాక్టీస్ కింద బుక్ చేసి బయటికి పంపేశారు. నూకరత్నం ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నా మొహం చూసింది, పెన్నుకి మూత పెట్టింది, వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నేను తాగడం మొదలుపెట్టాను. సినిమాలో మాస్టారు తాగితే వెనక వయొలిన్ వినిపిస్తుంది. నేను తాగి వెళ్ళిన రోజుల్లో ముందు బెంచీ పిల్లలు లేచి కిటికీ తలుపులు తీసేవారు. ఎవరూ ఏమీ అనేవారు కాదు, తలుపు తీసి మళ్ళీ కూర్చునేవారు. పుస్తకం తెరిచి గైడులో జవాబులు చదివేసేవాణ్ణి. ఆ రెండేళ్ళలో నా దగ్గర చదివిన పిల్లలకి నేనేమీ చెప్పలేదు. వాళ్ళకి నేను బాకీ ఉన్నానని కూడా అనను. పోయింది పోయినట్టే.

మా ఆవిడ శారద ఒకరోజు పొద్దున్నే క్యారేజీ కడుతూ, "తాగితే ఇంటికి తాగి రండి. బడికి తాగి వెళ్ళకండి. నన్నయితే భరించమని మా నాన్న మీకిచ్చాడు, ఆ పిల్లల్ని ఎవరూ ఇవ్వలేదు," అంది. ఆ సాయంత్రం నూకరత్నం ఇంటికి వెళ్ళాను.

రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికి వెళుతోంది. అప్పుడే వచ్చింది. చేతివేళ్ళు నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడున్నాయి. కుర్చీ లేదు, మడతమంచం వాల్చింది. నేను కూర్చోలేదు.

"ఆ చేతిరాత ఎవరిదో నాకు తెలుసమ్మా," అన్నాను.

"నాకు తెలుసండి, మీకు తెలుసని," అంది. "మీ మొహం చూశానండి ఆ రోజు. అందుకే మాట్లాడలేదండి. సారుకే తెలిసి చెప్పకపోతే నేను చెప్పి ఏం లాభం అనుకున్నానండి."

మళ్ళీ ఫీజు కడతాను, పరీక్ష రాయమన్నాను. వద్దండి, అంది. తర్వాత తన కూలి డబ్బుల్తో తనే కట్టుకుని ప్రైవేటుగా రాసి పాసయింది. ఇప్పుడు అదే షెడ్డులో సూపర్‌వైజరు. నేను చేసిన సాయం సున్నా. నేను తాగడం మానడానికి ఆ అమ్మాయి కారణం, ఆ అమ్మాయి బాగుపడడానికి నేను కాదు. ఈ రెంటినీ కలిపి ఎవరైనా మీకు కథ చెబితే నమ్మకండి.

హెడ్మాస్టరు గారి బీపీ

కొత్తగా చేరేవాళ్ళు రౌడీల గురించి భయపడతారు. హెడ్మాస్టర్ల గురించి భయపడడం నేర్చుకోండి.

మా హెడ్మాస్టరు సోమలింగం గారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడు కావడానికి కూడా కొంత చొరవ కావాలి. ఆయనకి బీపీ ఉండేది. ఆ బీపీకి క్యాలెండరు తెలుసు. తనిఖీ వచ్చే రోజు పెరిగేది, జీతాల రోజు తగ్గేది. ఏ సమస్య తీసుకెళ్ళినా ఆయన మాట ఒకటే, "మనకెందుకండీ మాస్టారూ?" గోడ కూలిందంటే మనకెందుకండీ. పిల్లాణ్ణి కుక్క కరిచిందంటే మనకెందుకండీ. ఒకసారి ఆయన ఫోనే పోయింది. అలవాటుగా అదే మాట అనేసి, తర్వాత ఆ ఫోను తనదేనని గుర్తొచ్చి కంగారుపడ్డాడు.

నేను తాగడం మానేశాక ఒక ఏడాది ఎండాకాలం ఓపెన్ స్కూలు పదో తరగతి పరీక్షలకి మా బడి సెంటరు. సోమలింగం గారు చీఫ్, నేను మళ్ళీ ఇన్విజిలేటర్ని. నా సర్వీసు అప్పటికి ఇంకా మూడేళ్ళుంది. పరీక్ష రాసేవాళ్ళ జాబితా చూస్తుంటే ఒక పేరు దగ్గర వేలు ఆగింది. బుల్లెబ్బాయి గారు.

"ఈయనకి పదో తరగతి ఎందుకండీ?" అన్నాను.

సోమలింగం గారు గొంతు తగ్గించి చెప్పాడు. బుల్లెబ్బాయి గారు పెట్రోలు బంకు పెట్టబోతున్నాడు. దానికి దరఖాస్తు చెయ్యాలంటే పదో తరగతి పాసయి ఉండాలట. ఆ నియోజకవర్గంలో ఆయన ఎవరి చేతైనా ఏదైనా చేయించగలడు గానీ, ఆ ఒక్క కాలమ్ మాత్రం ఖాళీగా ఉండిపోయింది.

"మరి ఆయన రాస్తాడా?"

"మనకెందుకండీ మాస్టారూ?" అన్నాడు సోమలింగం గారు. అనగానే అర్థమైంది, ఆయన రాయడని.

పూతరేకులు

పరీక్షకి రెండ్రోజుల ముందు సాయంత్రం బుల్లెబ్బాయి గారు స్వయంగా మా ఇంటికి వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో గొలుసు, చేతిలో పూతరేకుల పెట్టె. శారద కాఫీ ఇచ్చింది. కప్పు రెండు చేతుల్తో అందుకుని, "చల్లగా ఉండాలమ్మా," అన్నాడు. మా ఇంట్లో కూర్చున్నంతసేపూ ఆయన కన్నా మర్యాదస్తుడు లేడు.

"ఎల్లుండి మన పరీక్ష ఉందండి," అన్నాడు.

"జాబితాలో చూశానండి."

"మీకు ఏ ఇబ్బందీ రాకుండా చూసుకునే పూచీ నాదండి." కాఫీ కొంచెం తాగాడు. "ఒకవేళ వస్తే, అదీ నా వల్లేనండి."

నవ్వుతూ అన్నాడు. లేచి, చెప్పులేసుకుని, గేటు నెమ్మదిగా దగ్గరికి వేసి వెళ్ళాడు.

శారద పెట్టె తెరవలేదు. "తింటే ఒక బాధ, పారేస్తే ఒక బాధ. పరీక్ష అయ్యాక తిరిగిచ్చెయ్యండి," అని ఫ్రిజ్ మీద పెట్టింది. ఆ రెండ్రోజులూ నేను ఫ్రిజ్ వైపు చూడకుండా మంచినీళ్ళు తాగాను.

ఈ చోట మీకో మాట. భయం వేస్తే వేసిందని ఇంట్లో ఒకరికైనా చెప్పండి. వెనకటిసారి నేను ఎవరికీ చెప్పలేదు. నా భయాన్ని నేనొక్కణ్ణే మోసుకుని, చివరికి తీసుకెళ్ళి ఒక చిన్నపిల్ల నెత్తిన పెట్టాను. ఈసారి శారదకి చెప్పాను. ఆవిడ ధైర్యం చెప్పలేదు. "కాళ్ళు వణికితే కుర్చీలో కూర్చోండి, ఎవరికీ కనపడవు," అంది. పనికొచ్చే మాట.

పరీక్ష

ఒంటిపూట బడులు. పొద్దున్న క్లాసులు, మధ్యాహ్నం రెండున్నరకి పరీక్ష. ఒంటిగంటకే సోమలింగం గారికి బీపీ వచ్చింది. తాళాలు నా చేతిలో పెట్టి, తల పట్టుకుని ఆటో ఎక్కాడు.

మొదటి రోజు తెలుగు పేపరు. ప్రశ్నపత్రాలు పంచి, హాల్ టికెట్లు చూసుకుంటూ నాలుగో బెంచీ దగ్గరికి వచ్చాను. హాల్ టికెట్ మీద ఫోటోలో నలభై ఏడేళ్ళ మనిషి, బుంగమీసాలు, లావుపాటి మెడ, గొలుసు. బెంచీలో సన్నగా, పొడుగ్గా, మీసం సరిగ్గా రాని కుర్రాడు. బీటెక్ పిల్లాడని చూడగానే తెలుస్తోంది.

"ఇది నువ్వేనా బాబూ?"

"అవునండి," అన్నాడు. ఫోటో వైపు చూశాడు. "తగ్గానండి."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. "సార్, నేను రాసేసి వెళ్ళిపోతానండి. నన్నేం చెయ్యకండి," అన్నాడు మెల్లగా. వాడి చేతిలో పెన్ను వణుకుతోంది. నా చేతిలో హాల్ టికెట్టూ వణుకుతోంది. ఇద్దరం ఒకరి వణుకు ఒకరం చూసుకున్నాం.

"లేచి వెళ్ళిపో. నీ పేరు నేను అడగలేదు," అన్నాను.

వాడిని రాతపూర్వకంగా పట్టించాల్సింది, నిబంధన ప్రకారం. పట్టించలేదు. తప్పే. రూల్సు పుస్తకం తిరగేసేవాళ్ళు నన్ను తిట్టుకోవచ్చు.

అయిదు నిమిషాలకి గేటు ముందు కారు తలుపులు పడిన చప్పుడైంది. బుల్లెబ్బాయి గారు అప్పటిదాకా అక్కడే కార్లో ఏసీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన, వెనక ఆరుగురు. వరండా అంతా నిండిపోయింది. ఇక్కడ సినిమాలో అయితే గాలి వీస్తుంది, ఆకులు లేస్తాయి. మా వరండాలో ఫ్యాను కూడా లేదు. నేను గుమ్మంలో నిలబడ్డాను. చేతుల వణుకు ఆగడం లేదని వెనక్కి కట్టుకున్నాను. మా అటెండరు స్టాఫ్ రూము కిటికీలోంచి ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నాడని నాకు తర్వాత తెలిసింది.

"ఏంటండి మాస్టారూ, మన కుర్రాణ్ణి లేపేశారంట?"

"ఆ హాల్ టికెట్ ఆ అబ్బాయిది కాదండి. మీదండి."

"నేనే పంపించానండి."

"పరీక్షకి మనిషిని పంపిస్తే కుదరదండి. మనమే రావాలండి."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. మెత్తగానే వేశాడు. "మీ సర్వీసు ఇంకా ఎంతుందండి?"

"మూడేళ్ళండి."

"మూడేళ్ళూ ఆరోగ్యంగా ఉండాలి కదండి."

"ఉండాలండి."

ఇక్కడ ఒక గొప్ప మాట అనాలి. చదువు గురించో, న్యాయం గురించో, ఈల వెయ్యదగిన మాట. నాకొక్కటీ రాలేదు. తెలుగు పండితుణ్ణి, వేల పద్యాలు నోటికొచ్చు, ఒక్కటీ తట్టలేదు. గోడ గడియారం వైపు చూశాను. రెండూ నలభై అయిదు.

"మూడు దాటితే లోపలికి రానివ్వనండి," అన్నాను. "ఇంకా పావుగంటుంది. మీది నాలుగో బెంచీ. పెన్ను తెచ్చుకున్నారాండి?"

ఆయన చెయ్యి నా భుజం మీద అలాగే ఉండిపోయింది. పెన్ను అన్న మాట దగ్గర ఆయన మొహంలో ఏదో కదిలింది. నేను అంత దగ్గర్నుంచి ఎప్పుడూ ఆయన కళ్ళు చూడలేదు. అది కోపం కాదు. అప్పటికి ముప్పై ఏళ్ళుగా పిల్లల మధ్య ఉన్నవాణ్ణి, ఆ చూపు నాకు తెలుసు. హోంవర్కు చెయ్యని పిల్లాడి చూపు.

అప్పుడు ఆయన్ని ఇరికించింది నేను కాదు, వెనకున్న ఆరుగురిలో ఒకడు. "అన్నయ్యగారూ, రాసిపారెయ్యండి! పదో తరగతేగా!" అని హుషారుగా జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. మిగతావాళ్ళు కూడా, "అదే కదండి, ఎంతసేపండి," అన్నారు.

ఇప్పుడు వెళ్ళకపోతే ఎందుకు వెళ్ళలేదో వాళ్ళకి తెలిసిపోతుంది. బుల్లెబ్బాయి గారు పెన్ను తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. అక్కడ ఎవరూ చెప్పులు విడవలేదు. చిన్న బళ్ళో విడిచేవాళ్ళం. ఆయన బడి అక్కడితో ఆగిపోయిందన్నమాట.

బెంచీకీ బల్లకీ మధ్య పొట్ట పట్టలేదు. పక్కకి తిరిగి కూర్చున్నాడు. హాజరు కాగితం మీద బ్రహ్మాండమైన సంతకం చేశాడు. తర్వాత ప్రశ్నపత్రం తెరిచాడు. పక్క బెంచీ ఆవిడ పేజీ తిప్పినప్పుడల్లా ఈయనా తిప్పాడు. అరగంటయ్యాక నేను దగ్గరికి వెళితే గుసగుసగా అడిగాడు.

"మాస్టారండీ, మొదటి ప్రశ్న ఏంటండి?"

"చదివి చెప్పకూడదండి."

"ఒక్కటేనండి."

"కుదరదండి."

వరండాలో బెదిరించినప్పుడు కాదు, ఇప్పుడు కష్టమైంది నాకు. ఒక్క ప్రశ్న చదివి చెబితే ఏమవుతుంది అనిపించింది. చెప్పలేదు.

చివరి దాకా కూర్చున్నాడు. మధ్యలో లేచి వెళ్ళిపోలేదు. బెల్లు కొట్టాక జవాబు పత్రం తీసుకుంటూ చూశాను. ప్రశ్నపత్రంలో అక్షరాల్ని చూసి, ముగ్గు వేసినట్టు ఒక్కొక్కటీ గీశాడు. రెండు పేజీలు.

"గీతలు సరిగ్గా వచ్చాయాండి?" అని అడిగాడు.

వచ్చాయండీ, అన్నాను. నిజంగానే కొన్ని వచ్చాయి. పూతరేకులు తిరిగిచ్చే సంగతి ఆ రోజు ఎత్తలేకపోయాను. పెట్టె మర్నాడు శారదే ఐసు ఫ్యాక్టరీకి పంపించేసింది.

వీరుడికి వచ్చిన మెమో

వీడియో ఊరంతా తిరిగింది. ఎవరో దానికి సినిమా వాయిద్యాలు కలిపారు. వెనక్కి చేతులు కట్టుకుని, రౌడీ ముందు తొణక్కుండా నిలబడ్డ మాస్టారు! వణుకు దాచుకోవడానికి కట్టుకున్న చేతులవి. మాటలు వినపడకుండా డప్పులు పెట్టారు గనక, నేను పెన్ను తెచ్చుకున్నారా అని అడిగింది ఎవరికీ తెలియలేదు. కిళ్ళీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు నా కాళ్ళకి దణ్ణం పెట్టారు. సోమలింగం గారు మూడో రోజు బీపీ తగ్గి వచ్చి, "మొత్తానికి మనం నిలబడ్డాం మాస్టారూ," అన్నాడు.

పై నుంచి వచ్చింది మాత్రం మెమో. పరీక్షా కేంద్రంలోకి ఫోను ఎలా వచ్చిందో సంజాయిషీ ఇవ్వమని. ఇచ్చాను. నెల తిరగకుండా బదిలీ వచ్చింది, గోదావరి దాటి కోరుకొండ దగ్గరికి. బుల్లెబ్బాయి గారు చేయించాడని ఊరంతా అనుకుంది. నేనూ అనుకున్నాను. కాదు. రాయించింది సోమలింగం గారు, నా క్షేమం కోరి. వీడ్కోలు సభలో ఆయన కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నిజం కన్నీళ్ళే. అదే మరీ బాధ.

బుల్లెబ్బాయి గారి పరీక్ష పోయింది. పెట్రోలు బంకు మాత్రం వచ్చింది, వాళ్ళావిడ పేరు మీద. ఆవిడ డిగ్రీ చదివింది. ఆ సంగతి ముందే ఎవరికీ తట్టకపోవడం విచిత్రం. ఇంట్లో ఆవిడ చదువుతో ఆ రోజు దాకా ఎవరికీ పనిపడలేదు.

శనివారాలు

కోరుకొండలో కొండ కింద ఒక గది అద్దెకి తీసుకున్నాను. శారద భీమవరంలోనే ఉండిపోయింది. ఒక శనివారం పొద్దున్నే గది ముందు తెల్ల కారు ఆగింది. బుల్లెబ్బాయి గారు దిగాడు.

ఆయన తన మనుషులతో, "మీరు కొండెక్కి స్వామి దర్శనం చేసుకు రండి, నేను మాస్టారితో మాట్లాడాలి," అన్నాడు. వాళ్ళు వెళ్ళాక తలుపు దగ్గరికి వేశాడు. జేబులోంచి కత్తి తీసినా నేను అంత ఆశ్చర్యపోయేవాణ్ణి కాదు. తీసింది రెండో తరగతి వాచకం.

"బంకు వచ్చేసిందండి. అందుకు కాదండి," అన్నాడు. నేల వైపు చూస్తున్నాడు. "ఆ రోజు అందరికీ ఒకే కాగితం ఇచ్చారు కదండి. అందరూ రాసేస్తన్నారండి. నాకొక్కడికే కనపడలేదండి."

అలా మొదలైంది. ప్రతి శనివారం. ఆయనకి దైవభక్తి ముదిరిందని ఊళ్ళో చెప్పుకున్నారు. ఆయన అక్షరాలు దిద్దుతున్నంతసేపూ ఆయన మనుషులు ఆ నిటారు మెట్లన్నీ ఎక్కి దిగేవారు. ఏడాది తిరిగేసరికి రౌడీలు చిక్కి సగమయ్యారు.

చదువుకుంటే మనిషి మారతాడని మీకు శిక్షణలో చెబుతారు. నేనలా చెప్పను. బుల్లెబ్బాయి గారు మారలేదు. మునుపు కేసు కాగితాలు ప్లీడరు చదివి వినిపించేవాడు, ఇప్పుడు తనే చదువుకుని ప్లీడర్ని తిడుతున్నాడు. రెండో ప్రయత్నంలో తెలుగు పేపరు ముప్పై ఆరు మార్కులతో గట్టెక్కాడు. లెక్కల జోలికి వెళ్ళలేదు. ఆయనకి చదువు చెప్పి తప్పు చేశానేమోనని కూడా అనుకున్నాను. కానీ అడిగినవాడికి అక్షరం లేదనడం నాకు చేతకాలేదు.

ఆ రోజుల్లోనే ఒకసారి, వాచకాలు అయిపోయాయి, ఇంట్లో చదవడానికి ఏముంటే అది తీసుకు రండీ అన్నాను. ఆయన ఇంట్లో పుస్తకాలేముంటాయి? ఒక గుడ్డ సంచీ తెచ్చాడు. నిండా చెరువుల దస్తావేజులు. పదకొండు. పైనున్నది తీసి చదవమన్నాను. వీర్రాజు అనే రైతు తన రెండెకరాల చెరువు బుల్లెబ్బాయి గారికి రాసిచ్చిన కాగితం. వేలు కింద పెట్టుకుని, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదివాడు.

"నా ఇష్ట... ఇష్టపూర్వకముగా... ఎవరి... ప్రో... ప్రోద్బలము... లేకుండా." ఆగాడు. "ప్రోద్బలం అంటే ఏంటండి?"

నాకు మళ్ళీ ఆ రెండు పరీక్ష గదులూ గుర్తొచ్చాయి. ఏదో ఒక అర్థం చెప్పి దాటేయవచ్చు.

"వీర్రాజు ఇది సంతకం పెడుతున్నప్పుడు పక్కన ఎవరున్నారండి?" అన్నాను.

"నేనేనండి. మావాళ్ళు నలుగురు."

"అదేనండి ప్రోద్బలం."

ఆయన నా వైపు చూశాడు. నేను కళ్ళు దించుకోలేదు. కాళ్ళు వణికాయి, కుర్చీలోనే ఉన్నాను గనక కనపడలేదు. ఆయన కాగితం మడిచి సంచీలో పెట్టి, పాఠం పూర్తికాకుండానే లేచాడు.

తర్వాతి శనివారం సంచీ లేకుండా, వార్తాపత్రికతో వచ్చాడు. "దస్తావేజుల్లో మాటలు కష్టంగా ఉన్నాయండి. ఇది చదువుదామండి," అన్నాడు. తన గొడవలు అచ్చయ్యే జిల్లా పేజీ ముందే తీసేసి తెచ్చాడు.

"ఆ కాగితం సగంలో ఉందండి. అది అయితేనే తర్వాతి పాఠం," అన్నాను.

వెళ్ళిపోయాడు. రెండు శనివారాలు రాలేదు. ఆ రెండు వారాలూ మోటారు సైకిలు చప్పుడైతే చాలు, తలుపు గడియ చూసుకున్నాను. మూడో శనివారం వచ్చాడు. కూర్చున్నాడు. వీర్రాజు కాగితం తీసి, మొదటి నుంచి చివరి వరకూ, వీర్రాజు వంకర సంతకం దాకా ఎక్కడా తడబడకుండా చదివాడు. తర్వాత పెన్ను మూత తీశాడు.

"రద్దు అని ఎలా రాయాలండి? ద కింద ద నా, ధ నా?"

"ద కింద ద యేనండి."

కాగితం మీద అడ్డంగా రాశాడు. చూశాను. 'రదు' అని ఉంది.

"ఒత్తు మర్చిపోయారండి," అన్నాను. పెట్టాడు.

అలా రాస్తే చెల్లదని, రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళాలని చెబితే సోమవారం వీర్రాజుని తీసుకుని వెళ్ళాడు. చెరువు వీర్రాజుకి వచ్చింది. సంచీలో మిగతా పది కాగితాలు నేను రిటైరయ్యే దాకా పాఠానికి రాలేదు. ఇప్పటికీ నెలకోసారి ఫోను చేసి, మిగతావి ఎప్పుడు చదువుదామండీ అని అడుగుతుంటాను.

"వస్తానండి మాస్టారూ," అంటాడు, ఎంతో మర్యాదగా. "ఎండలు తగ్గనివ్వండి."